కర్ట్ మంచం

సెప్టెంబరు 10, మంగళవారం

పేరు ఇచ్చి వచ్చాను. హంటర్ సేఫ్టీ క్లాసు, వేటకి వెళ్ళేముందు పిల్లలకి చెప్పేది. ఫైర్ స్టేషన్ హాల్లో ఆరు మంగళవారాలు, ఆఖర్న ఒక శనివారం మైదానంలో. వయసు దగ్గర నలభై ఐదు అని రాశాను. బల్ల దగ్గరి అమ్మాయి అలవాటు కొద్దీ, ఇక్కడ మీ అమ్మగారి సంతకం అనబోయి నాలిక్కరుచుకుంది.

పంతొమ్మిది వందల డెబ్భై మూడు తరవాత పుట్టినవాళ్ళకి ఈ క్లాసు లేనిదే వేట లైసెన్సు ఇవ్వరు. నా మొగుడు కర్ట్ డెబ్భై ఒకటిలో పుట్టాడు. కాబట్టి వాడెప్పుడూ ఏ క్లాసులోనూ కూర్చోలేదు.

సెప్టెంబరు 11

ఎందుకు చేరానో రాసుకోవాలి. లేకపోతే నాకే గుర్తుండేలా లేదు.

మా వాళ్ళ వేట క్యాంపు తలుపు మీద మామగారు మేకు కొట్టిన అట్ట ఉంది. ఓపెనర్ రోజు లైసెన్సు లేని మంచం ఖాళీ మంచం, అని. ఓపెనర్ అంటే జింకల వేట మొదలయ్యే రోజు. మామగారు పోయారు, అట్ట పోలేదు. అడవిలో ఆ గదికి ఆరే మంచాలు. కిటికీ కిందిది కర్ట్‌ది. పెళ్ళికి ముందు ఏడాది వాడే పలకలు కోసి చేసుకున్నాడు.

ఆదివారం మరిది డ్యారిల్ ఫోన్ చేశాడు. వదినా, తప్పుగా అనుకోకు, ఆ మంచం మా అల్లుడు అడుగుతున్నాడు, నేను ఇంకా ఏమీ అనలేదు, అన్నాడు. ఆ మంచం నాది అన్నాను. నీదా, నువ్వు తుపాకీ పడితే జింకలు వరసకట్టి చూడ్డానికొస్తాయి అని నవ్వాడు. నేను నవ్వలేదని తెలిశాక, సరే, ఓపెనర్ నాటికి లైసెన్సు చూపించు, ఎవడు కాదంటాడో నేను చూస్తాను అన్నాడు.

సెప్టెంబరు 17

పంతొమ్మిది మంది పిల్లలు, నేను. అందరికీ నేను తెలుసు. స్కూల్ వంటింట్లో వడ్డించేది నేనే కదా. నా పక్కన పన్నెండేళ్ళ టెస్సా. రేపు భోజనంలో బంగాళదుంప టేటర్ టాట్సేనా అని అడిగింది. అవునన్నాను. అయితే నోట్స్ చూపిస్తాలే అంది.

సెప్టెంబరు 24

తుపాకీ మూతి ఎప్పుడూ మనిషి లేని వైపే. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గరు మీదికి పోకూడదు. జింక వెనక ఏముందో చూడందే కాల్చకూడదు. అన్నీ రాసుకున్నాను. సూపులో ఉప్పు ఎంతో రాసుకున్నట్టే ఉంది.

అక్టోబరు 1

ఈ రోజు చెట్టు పీటల పాఠం, వేటగాళ్ళు జింక కోసం చెట్టు మీద కట్టుకుని కూర్చునేవి.

నేర్పేది వెండెల్. డెబ్భై ఏళ్ళుంటాయి, పాఠాన్ని ముప్ఫై ఏళ్ళుగా ఒకే మాటల్లో చెబుతాడు. ఏటా చివర్న ఒక్క ముక్క మాత్రం మారుస్తాడట. ఇవాళ దాన్ని కాగితం చూసి చదివాడు. పోయిన నవంబరులో మన కౌంటీలోనే ఒకాయన పదహారు అడుగుల మీంచి పడ్డాడు, పడకుండా చెట్టుకి తగిలించుకునే బెల్టు ట్రక్కులోనే ఉంది, ఒరే పిల్లలూ, ట్రక్కు ఎక్కడికీ పడిపోదు, బెల్టు మీరు కట్టుకోవాలి, అన్నాడు.

పిల్లలు నవ్వారు. అప్పుడు తలెత్తి నన్ను చూశాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు. తరవాతి బొమ్మ వేసే మీట అతని వేలికి దొరకలేదు.

నాకేమీ అనిపించలేదు. పదహారు అని రాసుకుని కింద గీత కూడా గీశాను.

క్లాసయ్యాక పార్కింగులో పట్టుకున్నాడు. అమ్మా లోర్నా, నా నోరు పడిపోను, చదివేదాకా ఎవరి గురించి రాశానో తట్టలేదు, అన్నాడు. పాఠం సరిగ్గానే చెప్పారన్నాను. మైదానంలో చెట్టెక్కే పని నీకు మాఫీ చేస్తానన్నాడు. వద్దన్నాను.

అక్టోబరు 9

స్కూల్లో ఫ్రీజరు గదిలోకి మాంసం పెట్టెల కోసం వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో మరిచిపోయి నిలబడ్డాను. నాతో వంటింట్లో పనిచేసే బెవర్లీ వచ్చి తలుపు తీసి, ఏమే, నువ్వు మనిషివా మంచులో చేపవా, ఇరవై నిమిషాల నుంచీ ఇక్కడే ఉన్నావా, అని అరిచింది. నా చేతులు తన చంకల్లో పెట్టుకుంది. చలిగా లేదే అన్నాను. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకో అడగలేదు.

అక్టోబరు 22

ఆఖరి పాఠం. టెస్సా నా చేతిలోని ఉత్తుత్తి తుపాకీ మూతిని వేలితో పక్కకి నెట్టి, ఆంటీ, మళ్ళీ నన్నే చంపుతున్నావు, అంది.

అక్టోబరు 26, శనివారం

మంచు పడుతోంది. కంచె దాటడం, తుపాకీ అందించడం, తరవాత చెట్టు.

బెల్టు ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి. నేను తెచ్చింది కర్ట్‌ది. రెండేళ్ళ కిందట క్రిస్మస్‌కి నేనే కొన్నాను. ట్రక్కు సీటు వెనక దొరికింది. కవరు విప్పలేదు. ధర చీటీ కూడా తీయలేదు. వెండెల్ తన జేబుకత్తితో కవరు కోసి, ఏ పట్టీ ఎటో చూసి బిగించాడు.

నేల వదలక ముందే తగిలించుకోవాలి. తగిలించుకున్నాను. ఎక్కాను. పన్నెండు అడుగుల మీద కూర్చుని కిందికి చూశాను. పెద్ద ఎత్తేం కాదు. ఆ మాటే పైకి అన్నాను.

చేతులకి గ్లవ్స్ ఏవమ్మా అని వెండెల్ కింద నుంచి అడిగాడు. మరిచిపోయానన్నాను.

పరీక్షలో యాభైకి నలభై ఏడు. టెస్సాకి నలభై తొమ్మిది. ఆ పిల్ల నన్ను ఓదార్చింది.

నవంబరు 9

లైసెన్సు వచ్చింది. ఫొటో తీసి డ్యారిల్‌కి పంపాను. నా మంచం మీద దుప్పటి మార్చు అని రాశాను. మార్చను, అది అన్నయ్య దుప్పటి, అని జవాబిచ్చాడు.

నవంబరు 18

కర్ట్ పోయి ఏడాది.

నవంబరు 22, శుక్రవారం, క్యాంపు

అయిదుగురు మగాళ్ళు, నేను. నా కోసం గోడ మీది అమ్మాయిల బొమ్మల క్యాలెండరు వెనక్కి తిప్పి పెట్టారు. వెనకవైపు ఇంకా ఘోరంగా ఉంది. చిల్లీ అని మాంసం, బీన్సు కలిపి వండారు, ఉప్పు కషాయం. ఎవరూ బూతులు మాట్లాడక పక్షవాతం వచ్చినట్టు కూర్చున్నారు.

పొయ్యి పక్క గోడంతా చొక్కా ముక్కలే. జింకని గురితప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, పేరూ తేదీ రాసి మేకు కొడతారు. కర్ట్‌వి ఏడు. ఎవరికీ అన్ని లేవు. ఆ ఏడు చొక్కాల అంచులూ మళ్ళీ కుట్టింది నేనే.

మంచం గట్టిగా ఉంది. ఒక పలక కిర్రుమంటోంది. నేను ఎక్కువ ఆలోచించలేదు.

నవంబరు 23, ఓపెనర్

కర్ట్ పడిన అదే ఓక్ చెట్టు. ఇంకెక్కడైనా కూర్చో వదినా, నీకు దణ్ణం పెడతాను, అన్నాడు డ్యారిల్. పాత పీట తీసేసి కొత్తది కట్టింది వాడే. అయినా తగిలించుకుని ఎక్కేదాకా కింద నిలబడి పట్టీలు చూశాడు.

ఏడూ నలభైకి మగజింక. పెద్ద కొమ్ములు. వెనక మట్టిగట్టు, మనుషుల్లేరు. అంతా పుస్తకంలో ఉన్నట్టే చేశాను. కాల్చాను. అది తోకెత్తి పోయింది. రక్తం చుక్క లేదు, వెంట్రుక లేదు. డ్యారిల్ గంటసేపు వెతికి వచ్చి, గాలికి గాయమైంది వదినా, అన్నాడు.

సాయంత్రం పొయ్యి దగ్గర అందరూ కేకలు పెట్టారు. కత్తెర వచ్చింది. కోటు విప్పాను. కింద కర్ట్ ఎర్రగళ్ళ చొక్కా ఉంది.

కేకలు ఆగిపోయాయి. డ్యారిల్ కత్తెర కిందికి దించాడు. మొదటిసారి కదా, వదిలేద్దాం, అని ఎవరో అన్నారు. వదిలేయడానికి నేనేమైనా చుట్టపుచూపుగా వచ్చానా, నాది లైసెన్సున్న మంచం, కత్తిరించు, అన్నాను. వీపు తిప్పి నిలబడ్డాను. తరవాత కత్తెర చప్పుడు. డ్యారిల్ ముక్కు ఎగపీల్చడం కూడా వినపడింది.

పేరు నేనే రాశాను. కర్ట్ ఏడు ముక్కల కింద మేకు కొట్టారు.

నవంబరు 24, ఆదివారం, చెట్టు మీద

చొక్కా వెనక కురచైంది. ముందుకి వంగినప్పుడల్లా నడుముకి గాలి తగులుతోంది.

చలేస్తోంది. పళ్ళు టకటకమంటున్నాయి, రాత వంకర పోతోంది.

కర్ట్, చలేస్తోందిరా.