సీ లిల్లీ పక్కన మల్లయ్య పేరు

నల్గొండ, బుధవారం

నేను చూసుకునే కాలేజీ మ్యూజియానికి ఈరోజు ఒక పెద్దావిడ వచ్చింది. పేరు యాదమ్మ. మా దగ్గరున్న సీ లిల్లీ శిలాజం ఆమె తండ్రి ఇచ్చిందే. పువ్వులా కనిపిస్తుంది కానీ అది ఒకప్పటి సముద్రజీవి. ‘నందికొండ డ్యాం తవ్వకంలో దొరికింది. ఇచ్చినవారు: మల్లయ్య, కూలీ’ అని పక్కన చీటీ ఉంది.

ఆ చీటీ తప్పని నిన్ననే ఒక ప్రొఫెసర్ తేల్చారు. నందికొండ రాళ్లు ఇలాంటి జీవులు పుట్టకముందే ఏర్పడ్డాయట. చీటీ మార్చమని ప్రిన్సిపాల్ నాకు చెప్పారు.

“మా బాపు పేరు ఏడున్నది బిడ్డా? నాకు సదువు రాదు, జర సూపియ్యి,” అంది యాదమ్మ. చూపించాను. అద్దం మీద సరిగ్గా అక్కడే అరచెయ్యి ఆనించింది.

“డ్యాం కాడ గంతమంది కష్టం జేసిన్రు. ఎవ్వలి పేరన్న రాసిన్రా? మా బాపుది గీడ ఉన్నది. ఐతారం మన్మరాలిని తోల్కొస్త, అది సదువుతది.”

నిజం చెప్పలేక తలూపాను.

సాయంత్రం కొత్త చీటీ పెట్టాను: ‘దొరికిన చోటు తెలియదు. ఇచ్చినవారు: మల్లయ్య, కూలీ.’ పేరైతే తీయలేదు. అయినా డ్యాం పేరు పోయింది, మనసు కుదురుగా లేదు. ఆదివారం ఆ పిల్ల చదివేలోపే యాదమ్మకు ఈ మాట నేనే చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో తోచడం లేదు...