అత్త తుడిచేసిన బుగ్గ

బావా,

ఇది నీకు చేరదని తెలుసు. అయినా ఎవరితోనైనా పోట్లాడకపోతే నాకు అన్నం దిగేలా లేదు.

ఈరోజు నీ సంవత్సరీకం. చెన్నపట్నం బొమ్మల కాలేజీలో అద్దం చూసుకుంటూ నువ్వు వేసుకున్న నీ బొమ్మను పీట మీద పెట్టాం. మాకు మిగిలిన నీ రూపం ఆ నీళ్లరంగుల కాగితమొక్కటే. మీ అమ్మ దాన్ని చూసి, "నా కొడుకు బుగ్గకి మసి అంటిందిరా" అంటూ కొంగు తడుపుకుంది.

"అత్తా, తుడవకు! అది మసి కాదు, నీడ. ఎలుగు పడని బుగ్గ అలగే ఉంటాది. కాలేజీలో ఆడు నేర్సుకున్నదే అది!" అని అరిచాను.

"మసి పుయ్యడం నేర్సుకోడానికి సెన్నపట్నం ఎల్లాలేటి? ఇయ్యాల కూడా నీ ఏలాకోళాలేనా?" అంది. వాకిట్లో అందరూ నవ్వారు. రోజూ ఊరిని ఆటపట్టించేవాడు నిజం చెబితే ఎవడు నమ్ముతాడు?

నేను చేరేలోగా ఆ బుగ్గ, దాంతోపాటు కన్ను కూడా కొట్టుకుపోయాయి. అత్త తెల్లబడిన ఆ చోటును చూసి, "ఆ నీడేదో నీకు తెలుసు కదరా, మళ్లీ ఎయ్యి నాయినా" అంది.

నీడ వేయడం తెలిసినవాడివి ఈ ఉద్దానం మొత్తానికి నువ్వొక్కడివేనని ఆవిడకెలా చెప్పను, బావా?