అన్నయ్య పాతిన రాయి

ప్రియమైన మేనకోడలు ఇవాంజెలిన్‌కు,

దేవుని కృప వల్ల ఇక్కడ అందరం బాగున్నాం. మన పలాస రోడ్డు వెడల్పు పనికి ఇంజినీరుగా నువ్వే వచ్చావని తెలిసి పొంగిపోయాను. కానీ నిన్న మీ వాళ్లు మా గుమ్మం ముందున్న కిలోమీటరు రాయికి ఎర్ర రంగు పూశారు. కొలత ప్రకారం అది రెండు వందల అడుగుల అవతల ఉండాలట, తీసేస్తారట.

తప్పు నిజమే తల్లీ. ఆ తప్పు చేసింది మీ నాన్నే.

జీడితోటల మధ్య ఎర్రమట్టి బాటగా ఉన్న ఈ రోడ్డుకు తారు వేసిన ఏడాది అన్నయ్య రోడ్డు కూలీల గ్యాంగులో పనిచేసేవాడు. అప్పటికి మీ మావయ్యకూ తనకూ మాటల్లేవు. మా గడప తొక్కనని పంతం పట్టాడు. అందుకని అవతల పాతాల్సిన ఆ రాయి తెచ్చి మా ఇంటి ముందు పాతాడు. ఏటా క్రిస్మస్ ముందు దానికి సున్నం కొట్టడానికి వచ్చేవాడు. మీ మావయ్య గుర్రుగా చూస్తే, "సర్కారు రాయికి సున్నమేత్తన్నాను బావా, నీ గడప తొక్కలేదు కదా" అనేవాడు. నేను మజ్జిగ గ్లాసు ఆ రాయి మీదే పెట్టేదాన్ని.

పదకొండేళ్లు అలాగే గడిచాయి. ఆ మరుసటి ఏడు మీ మావయ్యే, "రాయి తెల్లగానే ఉంది, సాల్లే. లోపలికొచ్చి అన్నం తిను" అన్నారు.

కొత్త రాయి సరైన చోట పాతించు. ఇది మాత్రం మాకు వదిలెయ్. అన్నయ్య పోయాక దానికి సున్నం మీ మావయ్యే కొడుతున్నారు. ఈ పొద్దున మీ ఎర్ర రంగు మీద కూడా కొట్టేశారు. "పిల్ల వచ్చి అడిగితే ఏం చెప్తారు?" అన్నాను.

"సర్కారు రాయికి సున్నమేత్తన్నానని సెప్తాను" అన్నారు.

ప్రేమతో,
మీ అత్త