జర్మన్ బడి రిజిస్టరు మొదటి పేజీ

విజయవాడ గుణదల నివాసి, కీర్తిశేషులు యలమంచిలి శేషగిరిరావు గారి భార్య, రిటైర్డ్ సోషల్ టీచర్ మాణిక్యమ్మ అను నేను, డెబ్బై ఏడో ఏట, మతి స్థిమితంగా ఉండి, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాసి ఇస్తున్న వీలునామా. మోకాళ్లు పనిచేయకపోయినా బుర్ర పనిచేస్తోందని డాక్టరు గారిచ్చిన కాగితం జత చేశాను.

1. నా స్వార్జితమైన గుణదల ఇల్లు నా తదనంతరం నా కుమారుడు చక్రికి సర్వహక్కులతో చెందుతుంది. నాలుగో క్లాజు చదివి వాడు అలగకూడదు.

2. నా చేతి గడియారం, పుస్తకాల బీరువా కోడలు సింధూరికి. ఈ ఇంట్లో నా నస ఓపిగ్గా విన్నది ఆ పిల్ల ఒక్కతే.

3. జర్మన్ బడి అడ్మిషన్ రిజిస్టరు నా దగ్గరుంది. అది నా ఆస్తి కాదు. ఆటోనగర్‌లో లేత్ షెడ్డు నడుపుతున్న నా పూర్వ విద్యార్థి షేక్ ఆరిఫ్‌ను ఈ వీలునామాకు కార్యనిర్వాహకుడిగా నియమిస్తున్నాను. అతను దాన్ని కోర్టులో దాఖలు చేయాలి. ఎందుకో రాస్తున్నాను.

1927లో ఏలూరు కాలవ గట్టున జర్మన్ దొరలు పెట్టిన గ్రామర్ స్కూలు అది. మన పిల్లలకు లాటిన్ కూడా చెప్పేవారట. యుద్ధం వచ్చి దొరల్ని నిర్బంధించాక మన మేష్టర్లే నడిపారు. నేను ముప్పై అయిదేళ్లు పనిచేశాను. 2011లో మూతపడింది. ఇప్పుడక్కడ పూర్వ విద్యార్థులు సాయంత్రం పూట పేదపిల్లలకు చదువు చెబుతున్నారు.

2002లో బడి డెబ్బై అయిదేళ్ల పండక్కి వేసిన సావనీర్‌లో బడి చరిత్ర రాసింది నేనే. స్థలం ఒక రైసుమిల్లు వారి తాతగారు ఇచ్చారని కమిటీ కార్యదర్శి రామకోటేశ్వరరావు గారు చెబితే, రుజువు అడక్కుండా రాసేశాను. ఇప్పుడు బడి లేదు కనుక స్థలం మాదేనని ఆ మిల్లు వారసులు దావా వేశారు. వాళ్లకున్న ఒకే ఒక్క ఆధారం నా వ్యాసం.

ఏటా జూన్‌లో రిజిస్టర్లకు మైదా జిగురుతో ఖాకీ అట్టలు వేయడం మా బడి ఆనవాయితీ. పోయినేడు చెదలు పడితే ఆ అట్టలన్నీ ఒలిచాను. మొదటి పేజీ అట్టకే అంటుకుపోయి ఉంది. గేదెలు కాసుకునే సంపూర్ణమ్మ తన స్థలాన్ని, ఆడపిల్లల్ని కూడా చేర్చుకోవాలన్న షరతు మీద, బడికి శాశ్వతంగా దానమిచ్చినట్టు హెడ్‌మాస్టర్ దొర అందులో రాయించాడు. కింద ఆమె వేలిముద్ర. దాని మీద ఏళ్ల తరబడి జిగురు పూసిన చేతుల్లో నావీ ఉన్నాయి. సిగ్గుగా ఉంది.

4. నా నాలుగు బంగారు గాజులూ అమ్మి ఈ దావాలో బడి తరఫు లాయరు ఫీజు కట్టాలి. సింధూరిని అడిగాను, సరేనంది.

5. సంపూర్ణమ్మ మునిమనవడు జక్కయ్య గవర్నర్‌పేటలో ఆటో నడుపుతున్నాడు. నేను చెప్పేదాకా అతనికి ఈ సంగతే తెలియదు. తెలిశాక స్థలం అడగలేదు, వేలిముద్ర ఫోటో అడిగాడు. ఫ్రేము కట్టించి ఇవ్వాలి.

6. రామకోటేశ్వరరావు గారికి ఏమీ లేదు. తప్పు దిద్దుకుందాం రండి అంటే, ఇప్పుడెందుకండీ టీచర్ గారూ అని ఫోన్ పెట్టేశారు. నేను పోయాక చూడ్డానికి కూడా ఆయన రానక్కర్లేదు.

7. వాయిదా నాటికి బతికుంటే నేనే బోనెక్కి నా వ్యాసం తప్పని చెబుతాను. లేకపోతే ఇదే నా వాంగ్మూలం. చక్రి సహా ఎవరు బతిమాలినా ఇందులో ఒక్క మాట మార్చను.

విజయవాడ, 14 నవంబరు 2025
(సంతకం) యలమంచిలి మాణిక్యమ్మ

సాక్షులు:

1. పి. బాలశౌరి, గుణదల.

2. కె. రామకోటేశ్వరరావు, గవర్నర్‌పేట. టీచర్ గారు పిలవలేదు, ఆరిఫ్ చెబితే వచ్చాను. ఆరో క్లాజు చదివాకే సంతకం చేస్తున్నాను. సావనీర్‌లో ఆ మిల్లు వారి మాట ఆవిడ చేత రాయించింది నేను. కోర్టులోనూ ఇదే చెబుతాను.