రెండో నంబరు గిన్నె

తెనెన్ చెల్లీ,

సంతకు పోయే పడవ వచ్చేసింది, వెళ్తున్నాను. పదో నంబరు పెద్ద గిన్నె జోలికి పోకు. మొన్న అలవాటుకొద్దీ దాన్నే పొయ్యి మీద పెట్టావు, గుప్పెడు జొన్నపిండి అడుగంటి మాడిపోయింది. రెండో నంబరు చిన్న గిన్నె తోమి బోర్లించాను. దాని మూత పోయింది కదా, నీలం పళ్లెం సరిగ్గా కూర్చుంటుంది. పెద్ద మూత వేస్తే ఆవిరి నీళ్లై బయటికి కారి నిప్పులు ఆరిపోతాయి.

తెల్లారగట్ల కలొచ్చింది. ఆ పెద్ద గిన్నె నైజరు నది మీద పడవలా మెల్లగా తేలిపోతోంది. అందులో మన ఆయన కూర్చుని, "ఇవాళ వంట ఎవరి వంతు?" అంటున్నాడు. ఒడ్డున మనిద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వుతున్నాం.

ఇరవయ్యేళ్లు సవతులం వంతులేసుకుని వండాం, రెండ్రోజులు నీవి, రెండ్రోజులు నావి. నా వంతు రోజున ఉప్పు దాచేసేదానివి, నేనేం మర్చిపోలేదు. ఆయన పోయి నాలుగు నెలలు నిండగానే, "ఇక నీ పొయ్యి నీది, నా పొయ్యి నాది అక్కా" అన్నావు. పొగరుకొద్దీ నేనూ సరేనన్నాను.

అస్సితాన్

రెండో నంబరు కూడా ఒక్కదానికి పెద్దదే. నీళ్లు పోసి కొలిచి చూశాను, ఇద్దరికి నిండుగా సరిపోతుంది. నా వాటా మీద నీలం పళ్లెం వేసి ఉంచు, సాయంత్రానికి వస్తాను.