గోడ నిండా అత్తయ్య

అత్తయ్యకు నమస్కారాలు.

మూడు రోజులుగా మీరు ఫోన్ ఎత్తడం లేదు, అందుకే ఈ ఉత్తరం. కోప్పడండి, కానీ చివరిదాకా చదవండి.

సోమవారం భిన్నాల పాఠం బొమ్మల్లో చూపిద్దామని నా ఫోన్‌ని క్లాసులో ప్రొజెక్టర్‌కి తగిలించాను. సగం మంది ఆవలిస్తున్నారు. సరిగ్గా అప్పుడే మీ వీడియో కాల్ వచ్చింది. కట్ చేయబోయి ఎత్తేశాను. ఫోన్ బల్ల మీద ఉంది కాబట్టి మీకు పైకప్పు తప్ప నేను కనిపించి ఉండను. మెడలో టేపుతో గోడ నిండా మీరే.

"అమ్మాయీ, మీటరున్నర గుడ్డలో ఒకేలాంటి గౌన్లు మూడు కావాలంటోంది ఈవిడ. ఎలా చెప్పు?" అన్నారు.

వెనక బెంచీ పిల్ల లేచి, "ఒక్కోదానికి అర మీటరండీ" అంది.

"ఆ మాత్రం నాకూ తెలుసు. మరి చేతులకి? అవునూ, నీ గొంతేంటి చిన్నపిల్లలా ఉంది?"

నలభై మంది ఘొల్లుమనేసరికి మీరు ఫోన్ పెట్టేశారు. వాళ్లు నవ్వింది ఆ గొంతు మాటకే అత్తయ్యా, మిమ్మల్ని చూసి కాదు. ఆ తర్వాత బెల్లు కొట్టినా ఒక్కరూ కదల్లేదు. న్యూస్‌పేపర్లు నేల మీద పరిచి, గీసి, కత్తిరించి, రెండో గౌను తలకిందులుగా పెడితే చేతులకి గుడ్డ మిగులుతుందని తేల్చారు. అది నిజమో కాదో మీరే చెప్పాలట. నా మాట నమ్మరట.

నాలుగో తరగతితో చదువు ఆగిపోయిందని మీరు నలుగురిలో నోరు విప్పరు. వీళ్లదీ నాలుగో తరగతే. వచ్చే గురువారం పదకొండింటికి నేనే కాల్ చేస్తాను. ఈసారి గోడ మీద కనిపిస్తారని ముందే చెబుతున్నాను. కత్తెర దగ్గర పెట్టుకోండి.

టైంటేబుల్లో ఆ పీరియడ్ దగ్గర పిల్లలు నా పేరు కొట్టేసి 'టేపు టీచర్' అని రాశారు. హెడ్మాస్టర్ అది చూసి, "ఆవిడ టైముకి వస్తారా?" అని మాత్రం అడిగారు.

మీ కోడలు