బోసి చేతుల ఫోటో

బొంబాయి,
ఫిబ్రవరి 1988

మంగ్త్యా అన్నకు చెల్లెలు దండం పెట్టి రాస్తున్నది.

నీ కార్డు అందింది. మేము కడుతున్న ముప్పై అంతస్తుల బిల్డింగును తండాలో అందరూ చూస్తారని ఆ ఫోటో పంపాను. అమ్మ బిల్డింగు వైపే చూడలేదని, నా బోసి చేతులు చూసి, "అల్లుడు పోయిండు, నాకు చెప్పకుండ దాసిండ్రు" అని ఏడుస్తూ అన్నం ముట్టడం లేదని రాశావు. సిగ్గుతో చచ్చిపోయానన్నా.

మీ బావ బాగున్నాడు. సామాను పైకి లాగే తాళ్లలో చిక్కుకుంటాయని, మోచేతుల పైనున్న తెల్లగాజులు కూడా తీస్తేనే పని ఇస్తానన్నాడు మేస్త్రీ. "పనికాడ తీసిపెట్టు, ఏమైతది?" అన్నాడు మీ బావ. మొగుడు పోతేనే మనలో ఆ గాజులు తీస్తారని తెలిసీ తీశాను. ఫోటో కోసమైనా తొడుక్కోవలసింది. బిల్డింగు పైదాకా పడాలన్న ధ్యాసలో నా చేతులే మరిచిపోయాను.

అమ్మకు ఆ ఫోటో మళ్లీ చూపించు. ఇంజనీరు కెమెరా ఇస్తే తీసింది మీ బావే. ఎండ ఆయన వెనక ఉంది. నా కాళ్ల దగ్గర తలపాగా చుట్టిన మనిషి నీడ ఉంటుంది. అది తన అల్లుడేనని చెప్పు.

నీ చెల్లెలు